ఇంటిపేరు చివర గుడి

"మామయ్యా, లాస్ట్ నేమ్ అంటే చివరి పేరు కదా? మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ ఏం కొట్టాలి?"

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని మా మేనకోడలు ఏదో విదేశీ యూనివర్సిటీ అప్లికేషన్ నింపుతోంది. నేను ఊరికే తోడు వెళ్లాను. నెట్ సెంటర్ కుర్రాడు తలెత్తకుండానే "ఇంటిపేరే కొట్టెయ్యండి మేడమ్, అందరూ అదే కొడతారు" అన్నాడు. కంకిపాటి అని కొట్టింది. కొట్టి ఊరుకుందా? "అసలు కంకిపాడులో మాకు సెంటు భూమి లేదు. బందరు వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడటమే. ఆ ఊరి పేరు మాకెందుకు?"

రెండూ వేరు వేరు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ, రెండిటి జవాబూ ఆ పేరు చివర ఉన్న గుడిలోనే ఉంది. దేవుడి గుడి కాదు, గుణింతంలో గుడి.

కంకిపాడు ఊరు. కంకిపాటి ఊరు కాదు, 'కంకిపాడు యొక్క' అని. మాట్లాడేటప్పుడు 'యొక్క' ఎవరంటారు? మాటే తోక మార్చుకుంటుంది. ఊరు ఊరి, పాడు పాటి, కొండవీడు కొండవీటి, ఏరు ఏటి, నుయ్యి నూతి. ఈ ఇ, టి, తి అనే వర్ణాలకి చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్న పేరు వాడాడు. మేం దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాం. మాష్టారు రోజూ హాజరు పట్టీ తెరిచి ముట్నూరి, కొల్లూరి, ప్రత్తిపాటి, తెన్నేటి అని పిలిచేవారు. సూత్రానికి ఉదాహరణలన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. 'ఇంటిపేరు' అన్న మాటలోనే ఇల్లు ఇంటిగా మారి కూర్చుందని కూడా చెప్పలేదు.

కొండవీటి చాంతాడు తెలుసు కదా. కొండమీద కోటలో లోతైన బావికి వేసిన తాడు. సరుకుల చీటీ పొడుగ్గా ఉంటే ఇప్పటికీ ఆ తాడునే తలుచుకుంటాం. ఇప్పుడు కొండవీటి వెంకటకవి పేరు పక్కన పెట్టి చూడండి. వ్యాకరణానికి కవీ చాంతాడూ ఒకటే. 'కొండవీటి' అని ఆగిపోతే వినేవాడు "కొండవీటి... ఏమిటి?" అంటాడు. ఆ మాట వెనకాల ఇంకొకటి రావాలి. ఊరి చెరువు, ఇంటి దూలం, నూతి నీళ్లు అంటాం గానీ, చెరువు ఊరి అనం. తెలుగులో 'యొక్క' ఎప్పుడూ ముందే. ఇంటిపేరు ముందుండటం ఆచారం కాదు, మన వాక్యం నడక. ఒకసారి విమానాశ్రయంలో మైకులో నన్ను ఇంటిపేరుతో మాత్రమే పిలిచారు. సగం మాటలా వినబడింది, మిగతా సగం కోసం చూస్తూ కూర్చుండిపోయాను.

ఇక రెండో ప్రశ్న. కంకిపాడులో ఉన్నవాణ్ణి కంకిపాటివాడని ఎవరు పిలుస్తారు? అక్కడ అందరూ అంతే కదా. దీన్ని లెక్కలోనూ పెట్టొచ్చు. సమాచారాన్ని కొలవడానికి అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో ఒక పద్ధతి ఇచ్చాడు. ఎంతమందిలో ఒకరికి ఆ పేరు ఉందో చూసి, ఆ సంఖ్యకి 2 ఆధారంగా లాగరిథమ్ కట్టాలి, అంటే ఎన్ని రెళ్లని గుణిస్తే ఆ సంఖ్య వస్తుందో చూడాలి. వచ్చినవి బిట్లు. కంకిపాడులో అందరూ కంకిపాటివాళ్లే, 1కి లాగరిథమ్ 0. పేరు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. అదే మనిషి మూటాముల్లే సర్దుకుని 512 గడపలున్న ఇంకో ఊరు చేరాడు. అక్కడ ఆ పేరున్న గడప ఒక్కటే. తొమ్మిది రెళ్లని వరసగా గుణిస్తే 512, అంటే 9 బిట్లు. ఒక్క మాటతో ఇల్లు దొరికిపోతుంది. కొరియాలో సుమారు అయిదుగురిలో ఒకరు కిమ్, కాబట్టి ఆ పేరు విలువ 2.3 బిట్లే. వియత్నాంలో పదిమందిలో ముగ్గురు నలుగురు న్గుయెన్‌లు, సుమారు 1.5 బిట్లు. అందుకే వాళ్లు మనిషిని సొంత పేరుతోనే పిలుస్తారు.

అంటే ఊరిపేరు ఇంటిపేరయిందంటే, ఎవరో ఒక తాత ఆ ఊరు వదిలిపెట్టాడన్నమాట. కందుకూరి వీరేశలింగం పుట్టింది రాజమండ్రిలో. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన నూతలపాటి వెంకట రమణ పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో, నూతలపాడేమో పర్చూరు దగ్గర. బెజవాడ గోపాలరెడ్డిది నెల్లూరు జిల్లా. (బెజవాడకి గుడి లేదేమంటారా? అకారంతో ముగిసే ఊళ్లు తోక మార్చవు. దుగ్గిరాల కూడా అంతే.) అన్నీ ఊళ్లే కావు లెండి, వృత్తులున్నాయి, పెద్దల పేర్లున్నాయి, పొట్టి, నల్ల లాంటి ఒంటి ఆనవాళ్లున్నాయి.

ఫ్రాన్సులో లాంగ్లువా అని ఇంటిపేరు ఉంది, అర్థం 'ఇంగ్లీషువాడు'. ఇంగ్లండులో ఆ పేరు ఎవరికి పెడతారు? హంగేరీలో హోర్వాత్ అంటే క్రొయేషియావాడు, నేమెత్ అంటే జర్మన్‌వాడు.

హంగేరీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, నన్ను బాగా ఆశ్చర్యపరిచింది అదే. సెగెద్ అనే ఊరివాళ్ల ఇంటిపేరు సెగెది. దెబ్రెత్సెన్ వాళ్లది దెబ్రెత్సెని. అచ్చం మన గుడి! పైగా యూరప్‌లో ఉండి కూడా వాళ్లు ఇంటిపేరు ముందే చెబుతారు, సంగీతకర్త బార్తోక్ బేలాలో బార్తోక్ ఇంటిపేరు. హంగేరియన్‌కి తెలుగుతో చుట్టరికం ఏమీ లేదు. ఆ భాషలోనూ విశేషణం ముందు నడుస్తుంది, అంతే. జపాన్‌లో పాత పేర్లు చూడండి, మినమోతో నో యొరితొమో. ఆ 'నో'కి అర్థం 'యొక్క'. 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వం రోమన్ లిపిలో రాసేటప్పుడు కూడా ఇంటిపేరే ముందు పెడుతోంది. తుర్కీవాళ్లదీ మొదట మన పద్ధతే. 1656లో మహామంత్రి అయిన కోప్రులు మెహ్మెద్ పాషా అంటే కోప్రు ఊరి మెహ్మెద్. 1934లో ఇంటిపేర్ల చట్టం తెచ్చి, సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర అని రాసిపెట్టారు. వాక్యం నడకని మార్చడానికి చట్టం కావలసి వచ్చింది!

మరి తెండూల్కర్, మంగేష్కర్ చివర ఎందుకున్నాయని అడిగితే, నా ఊహ ఒకటుంది. మరాఠీ 'కర్' చేరితే అది 'ఫలానా ఊరివాడు' అనే పూర్తి మాట అయిపోతుంది, ఎక్కడైనా నిలబడగలదు. మన కొండవీటి ఒంటరిగా నిలబడలేదు.

ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరస అంటారు. ఒకే ఊరు వదిలిన రెండు కుటుంబాలకి, రెండు కులాలకి కూడా ఒకే పేరు తగులుకోవచ్చు. రక్తసంబంధానికి అది బలమైన సాక్ష్యమేమీ కాదు. కలిసి రావడానికి ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు 'ఏ'లు ఇరికించే న్యూమరాలజీ సంగతి ఎత్తను. ఎన్ని ఇరికించినా తెలుగులో గుడి గుడిగానే ఉంటుంది.

అప్లికేషన్ పూర్తయ్యేసరికి మేనకోడలి ఫోన్ మోగింది. హైదరాబాద్ హాస్టల్ నుంచి స్నేహితురాలు. "ఏయ్ బెజవాడా, ఎప్పుడొస్తున్నావే?" అంటోంది. ఆ హాస్టల్లో ముగ్గురు లాస్యలట. మా అమ్మాయి బెజవాడ లాస్య. పటమటలో పుట్టి పెరిగింది, ఇక్కడ ఎవరూ దాన్ని అలా పిలవగా వినలేదు. రెండో అమ్మాయి వరంగల్ లాస్య. మూడో అమ్మాయిది హైదరాబాదే. అందుకని ఆమె పొట్టి లాస్య.