పదకొండేళ్లు ఆరని కొలిమి

జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో 2007 ఆగస్టులో ఒక సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌ను, అంటే ఇంధనం నుంచి నేరుగా కరెంటు తీసే పింగాణీ సెల్‌ను, 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడపడం మొదలుపెట్టారు. ఆపింది 2019 జనవరిలో. అప్పటికి లక్ష గంటలు దాటింది. అది మొదలైన రోజు పీహెచ్‌డీలో చేరిన కుర్రాడు, అది ఆగేసరికి తానే నలుగురికి గైడ్ అయి ఉండొచ్చు. ఈ రంగంలో కెరీర్ ఎంత నిదానంగా సాగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు.

ఫిజిక్స్ చదివినవాళ్లను ఇటువైపు లాగేది ఒక ఖాళీ. ఈ సెల్ గుండెకాయ జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్, తెల్లటి పింగాణీలాంటి పదార్థం. దానికి నూటికి ఎనిమిది పాళ్లు యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలుపుతారు. నాలుగు ధనావేశాలున్న జిర్కోనియం చోట మూడే ఉన్న యిట్రియం వచ్చి కూర్చుంటుంది. లెక్క సరిపోవాలంటే ప్రతి రెండు యిట్రియం అయాన్లకు ఒక ఆక్సిజన్ చోటు ఖాళీగా ఉండాలి. బాగా వేడెక్కితే పక్కనున్న ఆక్సిజన్ అయాన్ ఆ ఖాళీలోకి గెంతుతుంది, అది వదిలిన చోట్లోకి ఇంకొకటి. ఒకపక్క గాలి, రెండోపక్క హైడ్రోజన్ పెడితే ఆక్సిజన్ ఇలాగే గెంతుకుంటూ పింగాణీ దాటిపోయి, హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. ఎలక్ట్రాన్లకు మాత్రం లోపల దారి లేదు. బయట తీగ చుట్టూ తిరిగి రావాల్సిందే. మనం వాడుకునే కరెంటు అదే.

ఖాళీలు పెంచితే ఇంకా బాగా పనిచేస్తుందా? చేయదు. ఎనిమిది పాళ్లు దాటాక ఖాళీలు యిట్రియం అయాన్లను పట్టుకుని సరిగా కదలవు. ఈ ఒక్క సంగతి తవ్వుతూ పీహెచ్‌డీ మొత్తం గడిపేయొచ్చు: పొడి నొక్కి బిళ్ల చేయడం, కాల్చడం, వాహకత కొలవడం, మళ్లీ కాల్చడం.

ఇలాంటి మిశ్రమాన్ని జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్నస్ట్ 1890ల చివర్లో దీపం కోసం వాడాడు. ముందు వేడిచేస్తే తప్ప వెలగని దీపం అది. బౌర్, ప్రైస్ అనే శాస్త్రవేత్తలు 1937లో జిర్కోనియాతో 1000 డిగ్రీల దగ్గర ఫ్యూయల్ సెల్‌నే నడిపారు. కరెంటు మోస్తున్నది ఆక్సిజన్ ఖాళీలని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వాగ్నర్ వివరించింది 1943లో. అంటే ఎందుకు పనిచేస్తుందో తేలకముందే పని చేసేసింది. ఫిజిక్స్‌వాళ్లకు ఇది కాస్త మింగుడుపడని వరస.

బిళ్లల దశ దాటి మొత్తం సెల్ చేతికొచ్చాక అసలు తిప్పలు మొదలవుతాయి. ఆనోడ్‌లో, అంటే హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్‌లో, ఉండే నికెల్ ఆక్సైడ్ ఆకుపచ్చగా ఉంటుంది. హైడ్రోజన్ వదిలితే దాని ఆక్సిజన్ పోయి బూడిదరంగు నికెల్ మిగులుతుంది. ఏ అర్ధరాత్రో అంచున వేసిన గాజు సీలు చిట్లి గాలి లోపలికి దూరిందనుకోండి, నికెల్ మళ్లీ ఆక్సైడై ఉబ్బుతుంది. దాని మీద పరిచిన జిర్కోనియా పొర మందం పది మైక్రాన్లే, పగిలిపోతుంది. స్క్రీన్ మీద 1.1 వోల్టుల దగ్గర నిలబడాల్సిన అంకె జారుతూ పోతుంది. పొద్దున ఫర్నేస్ తెరిచి చూస్తే సెల్ అంచు పచ్చగా ఉంటుంది. ఏం జరిగిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సీలు నిలిచినా ముసలితనం తప్పదు. నికెల్ రేణువులు ఒకదాన్నొకటి కలుపుకుని లావవుతాయి. సెల్‌లను కలిపే స్టీలు పలకల్లోంచి క్రోమియం ఆవిరై గాలి వైపు ఎలక్ట్రోడ్ అయిన కాథోడ్‌ను పాడుచేస్తుంది. ఈ క్షీణతను వెయ్యి గంటలకు ఇంత శాతం అని కొలుస్తారు. వెయ్యి గంటలంటే దాదాపు ఆరు వారాలు. భవనాలకు కరెంటివ్వాలంటే సెల్ 40,000 గంటలైనా నిలవాలి, అంటే నాలుగున్నరేళ్లు. ఈలోగా విద్యార్థి ఫెలోషిప్ అయిపోతుంది, ఫర్నేస్ తర్వాతవాళ్ల చేతికి పోతుంది. వంద గంటలు నడిచిన కొత్త పదార్థానికి పేపర్ త్వరగా వస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన సెల్‌కూ ఒక పేపరే. ప్రమోషన్లకు పేపర్లు లెక్కపెట్టే పద్ధతి ఈ రెండో రకంవాళ్లకు అన్యాయమే చేస్తుందని నా అభిప్రాయం.

ఇప్పుడు చాలామంది ఇదే సెల్‌ను తిరగేసి నడుపుతున్నారు. కరెంటిస్తే నీటి ఆవిరిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ పరికరం 2021 ఏప్రిల్‌లో అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి తొలిసారి ఆక్సిజన్ తీసింది కూడా ఇలాంటి సెల్‌తోనే. 2023లో ఆపేసరికి మొత్తం 122 గ్రాములు.

యూలిష్ సెల్ కూడా ఆపినంత మాత్రాన పని తీరిపోయినట్టు కాదు. పదకొండేళ్లలో ఏ పొర ఎంత మారిందో తెలియాలంటే దాన్ని విప్పి చూడాలి.