ఈఏపీసెట్ కౌన్సెలింగ్: వెబ్ ఆప్షన్ల చుట్టూ తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ తదితర కోర్సుల ప్రవేశ పరీక్ష) ర్యాంకు కార్డు చేతికొచ్చిన రోజు నుంచే ఇంట్లో సలహాల వాన మొదలవుతుంది. ట్యూషన్ సారు ఒకటి చెబుతారు, పక్కింటి సీనియర్ దానికి పూర్తి వ్యతిరేకంగా చెబుతాడు, నెట్ సెంటర్ అబ్బాయి తనకు తోచింది కొట్టేస్తాడు. మంచి ర్యాంకు ఉండి కూడా కోరుకున్న సీటు పోగొట్టుకునే వాళ్లలో ఎక్కువ మంది వెబ్ ఆప్షన్ల (ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీ, బ్రాంచి జాబితా) వరుస దగ్గరే దెబ్బతింటారు. అందుకే ఆ సంగతే ముందు. కింద రాసింది ప్రధానంగా తెలంగాణ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ గురించి. ఏపీలో తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

అపోహ: మనకు రాని కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెడితే, వచ్చే సీటు కూడా ఈలోపు ఎవరో ఎగరేసుకుపోతారు.

వాస్తవం: పోదు. సీట్ల కేటాయింపు ర్యాంకుల వరుసలో జరుగుతుంది. 20,000 ర్యాంకు అమ్మాయి వంతు వచ్చిందంటే, ఆమె జాబితా మొత్తం ఆ క్షణంలోనే పైనుంచి కిందికి చూస్తారు. మొదటి ఆప్షన్‌లో సీటు లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఇచ్చేసి, ఆ తర్వాతే 20,001కి వెళ్తారు. అంటే మీ ఇరవయ్యో ఆప్షన్‌ను కూడా మీ వెనక ర్యాంకు వాళ్లు మీకంటే ముందు తీసుకోలేరు (రిజర్వేషన్, లోకల్ సీట్ల సంగతి వేరు, అక్కడ ఆ కోటాలో పోటీ). కాబట్టి పైన ఆశ పడే కాలేజీలు, మధ్యలో రావచ్చనిపించేవి, చివర్లో ఖాయంగా వచ్చేవి పెట్టండి.

అసలు ప్రమాదం దీనికి తిరగబడ్డ పద్ధతిలో ఉంది. 'సేఫ్' కాలేజీని పైన పెట్టారా, అది దొరికిన వెంటనే కేటాయింపు అక్కడే ఆగిపోతుంది. కింద ఉన్న మంచి కాలేజీలో మీ ర్యాంకుకు సీటు ఉన్నా అటు చూడనే చూడరు.

అపోహ: పది, పదిహేను ఆప్షన్లు చాలు. ఎక్కువ పెడితే చెత్త కాలేజీ తగులుతుంది.

వాస్తవం: సంఖ్యకు పరిమితి లేదు. ఎక్కువ పెట్టినందువల్ల చెడ్డ కాలేజీ రాదు. చేరడం ఇష్టం లేని కాలేజీ జాబితాలో ఉంటేనే వస్తుంది. చేరగలిగేవి అరవై ఉంటే అరవై పెట్టండి, చచ్చినా చేరనిది ఒక్కటి కూడా పెట్టకండి.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ వరుసగా రాసుకోండి. ఒకే పేరుతో, ఒకే యాజమాన్యం కింద రెండు మూడు కాలేజీలు ఉండటం మన దగ్గర మామూలే. పేరు చూసి నొక్కితే ఊరికి అవతల ఉన్న కొత్త క్యాంపస్ వచ్చి కూర్చుంటుంది. సేవ్ చేశాక, ఫ్రీజ్ (ఖరారు) చేశాక ప్రింట్ తీసి కాగితంతో ఒక్కో వరుస సరిచూడండి. లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ నెట్ సెంటర్‌లో వదిలి రావద్దు.

అపోహ: ఆ కాలేజీలో గతేడాది సీటు వచ్చిన లాస్ట్ ర్యాంకు 14,000. నాది 13,500. సీటు నా జేబులో ఉన్నట్టే.

వాస్తవం: ఆ 14,000 ఏ గడిలోదో ముందు చూడండి. లాస్ట్ ర్యాంకుల పట్టికలో ఓసీ, బీసీ-ఏ నుంచి బీసీ-ఈ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్‌లకు అబ్బాయిలు, అమ్మాయిల గడులు వేరువేరుగా ఉంటాయి. మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉండటంతో ఒకే బ్రాంచిలో అమ్మాయిల చివరి ర్యాంకు చాలాసార్లు అబ్బాయిల కంటే దూరం వెళ్తుంది. పట్టిక ఏ కౌన్సెలింగ్ విడతదో కూడా చూడాలి. చివరి విడత ర్యాంకులు మొదటి విడతలో రావు. పైగా ఏటా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), దాని అనుబంధ బ్రాంచిల్లో సీట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. పాత ర్యాంకుకు అటూ ఇటూ కొంత దూరం వదిలి ఆలోచించండి. తెలంగాణలో 2025లో మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు) తెచ్చారు. అందులో సీటు రాలేదంటే జాబితా కింది భాగం పలచగా ఉందని అర్థం. అసలు కేటాయింపుకు ముందే ఆప్షన్లు మార్చుకోండి.

అపోహ: రెండో విడతలో ఊరికే ప్రయత్నిద్దాం, నచ్చకపోతే మొదటి సీటు ఉండనే ఉంది.

వాస్తవం: ఉండదు. ఏటా ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. రెండో విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయి, మరొకరికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎవరిని బతిమాలినా తిరిగి రాదు. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మెరుగైనవే రెండో విడత జాబితాలో పెట్టండి. అవేవీ రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది. ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే అసలు ఆప్షన్లే పెట్టకండి. ఇంకో మాట: మొదటి విడత ఆప్షన్లు రెండో విడతకు పనికిరావు, మళ్లీ కొత్తగా ఇవ్వాలి.

ఇదంతా మొదటి సీటును నిలబెట్టుకున్నవాళ్లకే. గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నట్టు నమోదు) చేయకపోతే ఆ సీటు అప్పుడే పోతుంది. ఫీజు కట్టి, సెల్ఫ్ రిపోర్టింగ్ బటన్ నొక్కడం మర్చిపోయే వాళ్లూ ఉంటారు.

అపోహ: ఇంటర్ విజయవాడలో చదివితే తెలంగాణలో నాన్‌లోకల్ అయిపోతారు. హైదరాబాద్‌లో చదివిన ఆంధ్రా పిల్లలు ఇక్కడ లోకల్ అవుతారు.

వాస్తవం: రెండేళ్ల ఇంటర్‌తో లోకల్ హోదా మారదు. అర్హత పరీక్ష అయిన ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివారా అని మొదట చూస్తారు. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో లెక్కిస్తారు. ఆరు నుంచి పది దాకా వరంగల్‌లో చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్లిన విద్యార్థికి ఏడింట అయిదేళ్లు తెలంగాణవే. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఈ లెక్క కోసమే. మధ్యలో ఒక్క ఏడాది కాగితం లేకపోయినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు. మూతపడ్డ స్కూలైతే ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా మండల విద్యాధికారి కార్యాలయంలో ముందే అడిగి పెట్టుకోండి.

అపోహ: ఇంటర్ మార్కులతో ఇక పనిలేదు.

వాస్తవం: ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కుల వెయిటేజీని తెలంగాణలో 2023 నుంచి తీసేశారు, ఏపీలో 25 శాతం ఉంది. అయితే గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీకి 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం రావాల్సిందే.

అపోహ: రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఏ కాలేజీ అయినా ఫ్రీ.

వాస్తవం: తెలంగాణలో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థులకే పూర్తి ఫీజు. ఆ పైన ర్యాంకులకు ఏడాదికి 35,000 రూపాయలు. కాలేజీ ఫీజు లక్షా ఇరవై వేలైతే మిగతా 85,000 ఇంట్లో కట్టాలి, అదీ నాలుగేళ్లు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు వర్తిస్తుంది. అందరికీ ఆదాయ పరిమితి ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, కౌన్సెలింగ్ తర్వాత మిగిలిన సీట్లకు కాలేజీలు జరిపే స్పాట్ అడ్మిషన్లకు ఈ పథకం లేదు. హాస్టల్, బస్సు, 'స్పెషల్ ఫీజు' పేరుతో అడిగేవి ఎందులోకీ రావు. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయినప్పుడు మీరు ముందు కట్టండి, వచ్చాక ఇస్తామనే కాలేజీలూ ఉంటాయి. చేరే ముందే మొత్తం ఖర్చు రాతపూర్వకంగా అడగండి.

అపోహ: మేనేజ్‌మెంట్ సీటు అంటే డబ్బిచ్చి కొనుక్కోవడమే.

వాస్తవం: ఆచరణలో జరిగేది అందరికీ తెలుసు, కానీ చట్టం ఒప్పుకోదు. 1983 నాటి చట్టం కేపిటేషన్ ఫీజును నిషేధించింది. బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీట్లను కూడా నోటిఫికేషన్ ఇచ్చి మెరిట్ ప్రకారమే నింపాలి. ఏప్రిల్‌లోనే 'సీటు బ్లాక్ చేస్తాం' అంటూ ఫోన్ చేసి, రసీదు లేకుండా అడ్వాన్స్ అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

అపోహ: ఒరిజినల్స్ ఇచ్చాక కాలేజీ మారలేం.

వాస్తవం: పరిశీలన పూర్తయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ రెండూ దీన్ని స్పష్టంగా నిషేధించాయి. టీసీ ఒరిజినల్ ఇస్తే చాలు, మిగతావి జిరాక్సులు ఇవ్వండి. క్లాసులు మొదలవకముందే సీటు వదులుకుంటే, ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 1,000 రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగతా ఫీజు వెనక్కి ఇవ్వాలి. నోటి మాటతో సరిపెట్టకుండా ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

అపోహ: ఇంజినీరింగ్‌లో అటెండెన్స్ ఎవరు చూస్తారు, చివర్లో చదివితే పాస్.

వాస్తవం: జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) పరిధిలో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, రుసుముతో మినహాయింపు అడగొచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షన్, ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చుని చదవాలి. మెడికల్ సర్టిఫికెట్ జ్వరం వచ్చిన వారంలోనే ఇచ్చేయండి. సెమిస్టర్ చివర్లో తెచ్చిన దాన్ని ఎవరూ నమ్మరు. 2022లో వచ్చిన ఆర్22 రెగ్యులేషన్ (యూనివర్సిటీ కోర్సు నిబంధనలు) ప్రకారం ఇంటర్నల్స్‌కు 40, ఎక్స్‌టర్నల్‌కు 60 మార్కులు కాబట్టి మిడ్ పరీక్షలు వదిలేస్తే చివర్లో ఎంత చదివినా గ్రేడ్ లేవదు.

అపోహ: ర్యాగింగ్ గురించి చెబితే నాలుగేళ్లూ నరకమే.

వాస్తవం: యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ర్యాగింగ్ నేరమని తేలితే ప్రిన్సిపల్ 24 గంటల్లో పోలీసు కేసు పెట్టించాలని యూజీసీ 2009 నిబంధనలు చెబుతున్నాయి. కాలేజీ పేరు, హాస్టల్ బ్లాకు, ఏ రోజు, ఏ సమయం అనేవి రాసిపెట్టుకుని ఫోన్ చేస్తే చర్య త్వరగా మొదలవుతుంది.