నాలుగు గింజలు ఇవ్వమ్మా

చెన్నై పెరంబూరులో మా కింది వాటా ఆవిడకు మూడున్నరేళ్ల పాప. పోయిన నెల మెట్ల మీద కనబడి, "అక్కా, బళ్లో పొద్దస్తమానం ఆడిస్తున్నారు. ఒక్క అక్షరం రాయించలేదు, టెన్షన్‌గా ఉంది. అంకెలు మాత్రం ఇంట్లో నేనే నేర్పాను, చూడు" అంది. పాప ఒకటి నుంచి ఇరవై దాకా ఆగకుండా చెప్పేసింది. నేను చింతగింజల డబ్బా తెచ్చి, "నాలుగు గింజలు ఇవ్వమ్మా" అన్నాను. గుప్పెట్లో పట్టినన్ని తీసి నా చేతిలో పోసింది.

ఆ వయసులో చాలామంది పిల్లలు చేసేది ఇదే. కారెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో ప్రచురించిన పరిశోధనలో పిల్లల్ని ఇలాగే "ఇన్ని బొమ్మలు ఇవ్వు" అని అడిగారు. అంకెల వరస నోటికి రావడం వేరు, 'నాలుగు' అంటే ఎన్నో తెలియడం వేరు అని తేలింది. ముందు 'ఒకటి' అర్థమవుతుంది. కొన్ని నెలలకు 'రెండు', ఇంకొన్నాళ్లకు 'మూడు'. మిగతా అంకెలు అప్పటిదాకా పాటలో మాటల్లాంటివే. సుమారు మూడున్నర, నాలుగేళ్లప్పుడు అసలు సంగతి పట్టుబడుతుంది: లెక్కపెడుతూ ఆఖరున ఏ అంకె అన్నామో, మొత్తం అన్ని ఉన్నట్టు. పలక మీద 4 దిద్దిస్తే ఆ అంకె ఆకారం వస్తుంది. ఈ సంగతి రాదు.

మా అమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న వామనగుంటల పీట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇక్కడివాళ్లు పల్లాంగుళి అంటారు. రెండు వరసల్లో ఏడేసి, మొత్తం 14 గుంటలు. చేతిలోని గింజల్ని గుంటకొకటి చొప్పున వదులుతూ పోవాలి. ఒక గుంట దాటేసినా, ఒకదాంట్లో రెండు పడినా ఎదుటివాళ్లు ఊరుకోరు. లెక్కపెట్టడానికి పునాది కూడా ఇదే. దేన్నీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కపెట్టకూడదు.

మాంటిస్సోరి బళ్లలో స్పిండిల్ బాక్స్ అని ఒక పెట్టె ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన అరలు, 45 పుల్లలు. మూడు అని ఉన్న అరలో మూడు వేయాలి, సున్నా అర ఖాళీ. చివర్లో పుల్లలు మిగిలినా చాలకపోయినా ఎక్కడో తప్పిందని పిల్లకే తెలిసిపోతుంది, టీచర్ నోరు విప్పక్కర్లేదు. ఆ బళ్ల పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1939లో ఇక్కడి అడయారుకే వచ్చి, దివ్యజ్ఞాన సమాజంలో సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చారు. బస్సులో అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆ పెట్టె, మా అమ్మ పీట రెండూ గుర్తొస్తాయి.

ఆడిస్తే చాలదు, ఏ ఆట అన్నదీ చూసుకోవాలి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలోని పేద కుటుంబాల పిల్లల్ని ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన గళ్ల పట్టీ మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. 2008లో వెలువడిన ఫలితం ఇది: ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడ ఉంటుంది అన్న తెలివి బాగా పెరిగింది, 9 వారాల తర్వాతా నిలిచింది. అంకెలకు బదులు రంగుల గళ్ల మీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. తర్వాత ఇంకో ప్రయోగంలో గళ్లను గుండ్రంగా అమర్చి చూసినప్పుడు కూడా అంతగా రాలేదు. తిన్నటి పట్టీ మీద పదికి చేరాలంటే ఐదుకు చేరినదానికి రెట్టింపు దూరం, రెట్టింపు కదలికలు, రెట్టింపు మాటలు. అంకె పెద్దదవుతున్న కొద్దీ చేతికీ కంటికీ నోటికీ తెలుస్తుంది. వామనగుంటలది చుట్టూ తిరిగే ఆట కాబట్టి ఈ పని దాని వల్ల అంతగా కాదనుకుంటాను. మేడ మీద సుద్దముక్కతో వరసగా పది గళ్లు గీస్తే చాలు. ఐదో గడిలో ఉన్న పిల్లకు రెండు పడితే "ఒకటి, రెండు" కాదు, "ఆరు, ఏడు" అంటూ నడవాలి. ఆ ప్రయోగంలోనూ అలాగే అనిపించారు.

ఇక పక్కన కూర్చునే మన సంగతి. ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగు విశేషాలు దాచిన గొట్టాల బొమ్మ ఒకటి ఉంది. కొందరు పిల్లలకు "ఇది ఇలా పనిచేస్తుంది" అని ఒక గొట్టం లాగి కీచుమనిపించి చూపారు. ఇంకొందరి ముందు అదే గొట్టాన్ని అనుకోకుండా లాగినట్టు లాగి, ఆశ్చర్యపోయారు. మొదటివాళ్లు ఆ కీచు దగ్గరే ఆగి, బొమ్మను త్వరగా వదిలేశారు. రెండోవాళ్లు ఎక్కువసేపు ఆడి, మిగతా విశేషాలనూ ఎక్కువగా కనిపెట్టారు. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. మా అబ్బాయి చిన్నప్పుడు ప్రతి బొమ్మా నేనే ముందు విప్పి చూపించేదాన్ని.

పాప ఇప్పుడు సాయంత్రాలు మా ఇంటికి వస్తోంది. నిన్న మూడు గింజలు అడిగితే మూడే ఇచ్చింది. నాలుగు అడిగితే మళ్లీ గుప్పెడు పోసింది. వాళ్లమ్మ "నాలుగు కాదే" అనబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. పాప నా అరచేతిలోకి కాసేపు చూసి, ఆ గింజల్ని ఒక్కొక్కటే తీసి గుంటల్లో వేయడం మొదలుపెట్టింది.