ఏ-వన్ అన్న ఓడని ఎంత దగ్గరగా చూశారు?

టీ కొట్టు మీద ‘ఏ-వన్ టీ’, టైలరు బోర్డు మీద ‘ఏ-వన్ ఫిట్టింగ్’. ఈ మాట కనపడని బజారు మన ఊళ్ళలో ఉండదేమో. బోర్డు రాయించినవాళ్ళకి తెలుసో లేదో గానీ, ఇది ఓడల దగ్గర పుట్టిన మాట. అదీ ఒక కాఫీ కొట్టు పుణ్యమా అని.

పదిహేడో శతాబ్దం చివర్లో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్ నడిపేవాడు. ఓడల యజమానులు, కెప్టెన్లు, సరుకు వర్తకులు, ఓడలకి బీమా రాసేవాళ్ళు అక్కడ చేరేవారు. బీమా రాసేవాడికి ఒకటే దిగులు. తాను ఎన్నడూ చూడని ఓడ, ఎక్కడో కట్టిన ఓడ, రేపు మునిగితే డబ్బు తన జేబులోంచి పోతుంది. యజమానిని అడిగితే ‘బంగారంలాంటి ఓడ’ అంటాడు. ఇంకేం అంటాడు! అందుకని 1760లో ఆ కాఫీ హౌస్‌కి వచ్చేవాళ్ళే ఒక సంఘంగా ఏర్పడి, 1764లో ఓడల జాబితా అచ్చువేశారు. ఓడ ఒంటికి ఏ, ఈ, ఐ, ఓ, యూ అని ఇంగ్లీషు అచ్చుల్లో మార్కులు. కొయ్యలు, తాళ్ళు, లంగర్లకి విడిగా మరో అక్షరం. కొన్నేళ్ళకి ఈ రెండో అక్షరం పోయి అంకె వచ్చింది. ఒళ్ళు ఏ, సామాను 1. అలా 1770ల నాటికి ‘ఏ-1’ తయారైంది.

ఆ సంఘమే ఇవాళ్టి లాయిడ్స్ రిజిస్టర్. ఇప్పటికీ అది ఇచ్చే గుర్తు 100ఏ1. చివర్లో ఉన్న ఆ 1 ఇప్పటికీ లంగరు, దాని గొలుసు గురించే. ఓడని డ్రై డాక్‌లో, అంటే నీళ్ళు తోడేసి మరమ్మతు చేసే చోట పెట్టినప్పుడు ఆ గొలుసుని నేలమీద బారుగా పరిచి ఒక్కో లింకుని కొలుస్తారు. అరిగిన చోట లింకు వ్యాసం 12 శాతం తగ్గిందా, అక్కడ గొలుసు మార్చాల్సిందే. 80 మిల్లీమీటర్ల లింకు 70కి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

ఈ మార్కుల కథలో నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటే ప్రశ్న: మార్కు వేసినవాడు ఓడని ఎంత దగ్గరగా చూశాడు? పద్దెనిమిదో శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ చూపు చాలా దూరమైపోయింది. ఓడ వయసెంత, ఏ రేవులో కట్టారు అన్నదాన్ని బట్టి మార్కు. థేమ్స్ నది ఒడ్డున కట్టిన ఓడలకి పెద్దపీట వేస్తున్నారని మిగతా యజమానులకి ఒళ్ళుమండి, 1799లో పోటీగా సొంత జాబితా పెట్టుకున్నారు. రెండు పుస్తకాలు, ఒకే ఓడకి రెండు మార్కులు. చివరికి 1834లో రెండు వర్గాలూ రాజీపడి ఒకే సంస్థ అయ్యాయి. రేవు రేవునా సర్వేయర్లని, అంటే ఓడని తనిఖీ చేసేవాళ్ళని పెట్టారు. ఊరిపేరు చూసి మార్కు వేయడం పోయి, మనిషి వెళ్ళి ఓడెక్కి చూడటం పద్ధతి అయింది.

ఈలోగా 1828లో ఓడలకి మార్కు వేసే ఇంకో సంస్థ, బ్యూరో వెరిటాస్ వచ్చింది. 1860లలో ఇటలీ, అమెరికా, నార్వే, జర్మనీలు సొంత సంస్థలు పెట్టుకున్నాయి. విశాఖలో కట్టిన ‘జల ఉష’ ఓడని 1948లోనే నెహ్రూ నీళ్ళలోకి వదిలినా, ఓడలకి మార్కు వేసే మన సొంత సంస్థ ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ 1975 దాకా రాలేదు. ఇలాంటి పెద్ద సంస్థలన్నీ 1968 నుంచి ఒక కూటమిగా ఉన్నాయి. ప్రపంచంలో సరుకు మోసే ఓడల టన్నుల్లో 90 శాతం పైన వీటి చేతిలోనే ఉంది. షిప్పుల్లో పనిచేసేవాళ్ళు ఈ వ్యవహారం మొత్తాన్నీ ఒక్క మాటలో ‘క్లాస్’ అంటారు. క్లాస్ ఉంటే బీమా ఉంటుంది. క్లాస్ పోతే బీమా కదలదు, సరుకు ఎక్కదు.

ఇంతకీ క్లాస్ వాళ్ళు చూసేదేమిటి? ఓడని మనం నీళ్ళమీద తేలే డబ్బా అనుకుంటాం. ఇంజనీరు లెక్కలో అదొక పొడవాటి దూలం. 300 మీటర్ల ఓడ నడుం కిందికి పెద్ద అల వచ్చిందనుకోండి. నడుం పైకి లేస్తుంది, రెండు కొసలూ కిందికి వాలతాయి, భుజం మీద కావడిబద్ద వంగినట్టు. అల ముందుకి జరిగితే ఇప్పుడు రెండు కొసల కిందా అలలు, నడుం కింద పల్లం. ఇద్దరు మోసే డోలీలా ఓడ మధ్యలో కిందికి దిగుతుంది. కావడిలా వంగినప్పుడు పైన డెక్ సాగుతుంది, అడుగున ప్లేట్లు నలుగుతాయి. డోలీలా వంగినప్పుడు తారుమారు. పాతికేళ్ళ జీవితంలో ఇలా కోట్లసార్లు. ఈ వంపుని తట్టుకోవడానికి డెక్‌లో ఎంత ఇనుము ఉండాలి, అడుగున ఎంత ఉండాలి అన్నదే క్లాస్ నియమాల గుండెకాయ. అందుకే అన్ని లెక్కలూ చివరికి ప్లేటు మందం దగ్గరికే వస్తాయి.

మందం ఒక్కటే చాలదని 1943లో తెలిసొచ్చింది. ఆ జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్ షిప్‌యార్డులో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు (నూనె మోసే ఓడ) జెట్టీకి కట్టి ఉంది. అల లేదు, గాలి లేదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో నడుం దగ్గర విరిగింది. ఓడ అడుగున ఉన్న ప్లేటు ఒక్కటే పట్టుకుని ఉండటంతో రెండు ముక్కలూ విడిపోలేదు, అంతే. చలిగా ఉంది ఆ రాత్రి. చిక్కీ పాకం వెచ్చగా ఉన్నంతసేపూ సాగుతుంది, చల్లారితే పటుక్కున విరుగుతుంది కదా. కొన్ని రకాల స్టీలుకీ అదే గుణం ఉందని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. పైగా రివెట్లు కొట్టిన పాత ఓడల్లో పగులు ఒక ప్లేటు అంచుదాకా వచ్చి ఆగేది. వెల్డింగ్ చేసిన ఓడలో ప్లేట్లన్నీ అతుక్కుని ఒకే రేకు, పగులుకి అడ్డేముంది? అప్పటినుంచి ఓడ స్టీలుకి ఏ, బీ, డీ, ఈ అని గ్రేడ్లు వచ్చాయి. చిన్న ముక్కకి గాటు పెట్టి, చల్లబరిచి, లోలకంలాంటి సుత్తితో కొట్టి విరగ్గొడతారు. బీ గ్రేడుని 0 డిగ్రీల దగ్గర, డీని మైనస్ 20 దగ్గర, ఈని మైనస్ 40 దగ్గర పరీక్షిస్తారు. తమాషా ఏమిటంటే, ఓడకి ‘ఏ’ అంటే అందరికన్నా పైన, దాని స్టీలుకి ‘ఏ’ అంటే అన్నిటికన్నా కింద.

కట్టినప్పటి సంగతి ఇది. కట్టాక ఉప్పునీళ్ళు పని మొదలుపెడతాయి. ఓడలో తుప్పుకి బాగా ఇష్టమైన చోటు బాలస్ట్ ట్యాంకు. సరుకు లేనప్పుడు ఓడ తేలిపోకుండా సముద్రపు నీళ్ళు నింపుతారు, సరుకు ఎక్కాక తోడేస్తారు. నిండటం, ఖాళీ అవడం, తడి, గాలి, పక్క గదిలో వేడి నూనె ఉంటే ఆ సెగ. తుప్పు పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందులోకి సర్వేయరు దిగాలి. దిగేముందు గాలి పరీక్ష. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని తినడమే కాబట్టి, మూతపెట్టిన ట్యాంకులో విషవాయువేమీ లేకపోయినా ఊపిరాడక మనిషి పడిపోతాడు. మన పల్లెల్లో పూడిక తీయడానికి పాడుబావిలో దిగినవాళ్ళూ, వాళ్ళని కాపాడబోయి దిగినవాళ్ళూ చనిపోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉంటాం. ఓడల్లోనూ అచ్చం అలాగే జరుగుతుంది. అందుకే ముందు గాలి ఆడించి, మీటరు పెట్టి, ఆక్సిజన్ బయటి గాలిలో ఉన్నట్టు 20.9 శాతం చూపిస్తేనే లోపలికి అడుగు.

లోపల చీకటి, కాలికింద బురద. సర్వేయరు టార్చిని ప్లేటుకి ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తాడు. అలా వేస్తే చిన్న సొట్టకి కూడా నీడ పడుతుంది. తర్వాత చేతిలోని చిన్న సుత్తితో తడతాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటామే, అదే విద్య. గట్టి ప్లేటు ఖంగుమంటుంది. పెచ్చులు కట్టిన ప్లేటు దబ్బుమంటుంది. అనుమానం వచ్చినచోట తుప్పు గీకి, జెల్ రాసి, అల్ట్రాసౌండ్ మీటరు ఆనిస్తారు. కడుపు స్కానింగుకి జెల్ రాసేదీ ఇందుకే, మధ్యలో గాలి పొర ఉంటే శబ్దం లోపలికి పోదు. స్టీలులో శబ్దం సెకనుకి దాదాపు 5,900 మీటర్లు పోతుంది. 15 మిల్లీమీటర్ల ప్లేటు అవతలి ముఖానికి తగిలి తిరిగి రావడానికి ఐదు మైక్రోసెకన్లు. ఆ కాలాన్నే మీటరు మందంగా మార్చి చూపిస్తుంది. ఆ 15లో 3 దాకా అరిగిపోవచ్చని నియమం ఉందనుకుందాం. ఆ 3లో ముప్పాతిక వంతు, అంటే 2.25 మిల్లీమీటర్లు పోయేసరికే క్లాస్ వాళ్ళు ఎర్రజెండా ఊపుతారు. అక్కడినుంచి ఆ ప్లేటుని ఏటా కొలవాల్సిందే, లేదా కోసి కొత్తది వేయాల్సిందే.

పాత బల్క్ కారియర్లు (బొగ్గు, ధాన్యంలాంటివి గుట్టగా పోసి మోసే ఓడలు), ఆయిల్ ట్యాంకర్లు వరసగా ప్రమాదాలపాలవుతుంటే 1993లో వీటికి ప్రత్యేకంగా కఠిన సర్వే పెట్టారు. అందులో ‘క్లోజప్ సర్వే’ అనే మాటకి నిర్వచనం నాకు భలే నచ్చుతుంది: సర్వేయరు చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఇరవై మీటర్ల ఎత్తు ట్యాంకులో పైకప్పు దగ్గరికి చెయ్యి ఎలా అందుతుంది? పరంజా కట్టాలి. లేదా ట్యాంకులో నీళ్ళు నింపుతూ, రబ్బరు పడవలో కూర్చుని, నీటితో పాటు పైకి లేస్తూ చూడాలి. ఓడ లోపల పడవ!

చెయ్యి అందేంత దగ్గరికి వెళ్ళకపోతే ఏమవుతుందో ఎరికా చూపించింది. 1975లో జపాన్‌లో కట్టిన ట్యాంకరు. ఎన్నో పేర్లు మార్చుకుంది, చేతులు మారింది, క్లాస్ సంస్థలూ మారింది. చివరికి మాల్టా జెండా (అంటే ఓడ నమోదైంది ఆ దేశంలో), ఇటలీ సంస్థ రీనా క్లాస్. 1999 నవంబరులో సిసిలీలో వార్షిక సర్వే జరిగింది. సర్వేయరు తుప్పు చూశాడు, రాశాడు కూడా. మందం కొలతలు మాత్రం జనవరికి పెట్టారు. డిసెంబరు 12న ఫ్రాన్స్ తీరంలో తుఫానులో ఎరికా రెండు ముక్కలైంది. కెప్టెన్‌తో సహా 26 మందీ భారతీయులే, అందరినీ హెలికాప్టర్లతో కాపాడారు. చిక్కటి నూనె దాదాపు 20,000 టన్నులు సముద్రంలో కలిసింది. 2008లో పారిస్ కోర్టు యజమానితో పాటు రీనాని కూడా దోషిగా తేల్చింది. 2012లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. కాగితం ఇచ్చినవాడి మీదికి కూడా తప్పు రావచ్చని ఆ తీర్పుతో అందరికీ తెలిసింది.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. సర్వేయరుకి ఫీజు ఇచ్చేది ఓడ యజమానే. పెళ్ళికొడుక్కి జబ్బేమైనా ఉందా అని చూసే డాక్టరుకి పెళ్ళికొడుకు తండ్రే డబ్బిచ్చినట్టు. సంతకం పడేదాకా సర్వేయరు ఓడ మల్లయ్య, పడ్డాక బోడి మల్లయ్య. నచ్చకపోతే యజమాని ఇంకో సంస్థకి మారగలడు కూడా. ఇప్పుడు అలా మారాలంటే పాత సంస్థ చెప్పిన మరమ్మతుల చిట్టా కొత్త సంస్థ చేతికి వెళ్ళాలి, గడువు దాటినవి పూర్తిచేయాలి. పైగా పనామా, లైబీరియాలాంటి దేశాలు తమ జెండా కింది ఓడల తనిఖీలో చాలాభాగం ఈ సంస్థలకే అప్పగిస్తాయి. అందుకే ఓడ ఆగిన రేవులో ఆ దేశపు అధికారులు కూడా ఎక్కి చూసే పద్ధతి వచ్చింది. అది ఫీజు తీసుకోని కన్ను.

అలాగని తప్పంతా చూపులోనే ఉంటుందనీ చెప్పలేం. 2013 జూన్ 17న ఎం.ఓ.ఎల్. కంఫర్ట్ అనే కంటైనర్ షిప్ సింగపూర్ నుంచి జెద్దా పోతూ అరేబియా సముద్రంలో నడుం విరిగింది. అప్పటికి దాని వయసు ఐదేళ్ళు. తుప్పు పట్టే వయసా అది? అడుగు ప్లేట్లు నలిగి మడతపడ్డాయి. కావడి వంపు తట్టుకునే లెక్కనే మళ్ళీ రాయాల్సి వచ్చింది, 2015లో కంటైనర్ ఓడలకి కొత్త నియమాలు పెట్టారు. అక్కడ ఎన్ని సుత్తులతో తట్టినా ఖంగుమనే వినపడేది.

రేవుకి వెళ్ళినప్పుడు సరుకు ఓడ పక్కగోడ మధ్యలో చూడండి. 300 మిల్లీమీటర్ల సున్నా, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత. ఇంతకుమించి మునిగేంత సరుకు ఎక్కించొద్దని. బ్రిటిష్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాడితే 1876లో చట్టమైన గుర్తు ఇది. ఆ సున్నాకి అటూ ఇటూ రెండు అక్షరాలుంటాయి, గీత ఎక్కడ గీయాలో లెక్కకట్టిన సంస్థవి. ఐ, ఆర్ అని ఉంటే మన ఇండియన్ రిజిస్టర్.

ఇక సర్వేల పంచాంగం అంటారా, ఐదేళ్ళ చక్రం. ఏటా ఒక సర్వే, దానికి మూడు నెలలు అటూ ఇటూ వెసులుబాటు. రెండో ఏటో మూడో ఏటో కొంచెం లోతుగా ఇంకోటి. ఐదేళ్ళలో రెండుసార్లు ఓడ అడుగు చూడాలి, రెంటి మధ్యా మూడేళ్ళు దాటకూడదు. ఐదో ఏట స్పెషల్ సర్వే: ట్యాంకులన్నీ తెరవాలి, మందాలు కొలవాలి. ఓడ వయసు పెరిగేకొద్దీ కొలవాల్సిన చోట్లు పెరుగుతాయి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి, పరంజా లేకుండా మూలమూలా కెమెరా తిరుగుతోంది. ఫొటో బాగానే వస్తుంది గానీ, మందం కావాలంటే మీటరు ఇనుముకి ఆనాల్సిందే.

ఇరవై, ఇరవై ఐదేళ్ళ స్పెషల్ సర్వే దగ్గరపడ్డప్పుడు యజమాని కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంటాడు. ఎన్ని టన్నుల ప్లేట్లు కోసి కొత్తవి వేయాలి, ఎన్నాళ్ళు డాక్‌లో పడుంటుంది, ఆ తర్వాత ఎన్నేళ్ళు సంపాదిస్తుంది. లెక్క కుదరకపోతే ఓడ గుజరాత్‌లోని అలంగ్ దారి పడుతుంది. పున్నమికో అమావాస్యకో పోటు ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని నేరుగా ఒడ్డుమీదికి తోలేస్తారు. అక్కడ బేరం టన్నుల్లో. ప్లేటు మందం ఎంతని ఎవరూ అడగరు.