సిమెంటు బస్తా వెనక నలభై ఏళ్ల కథ

సిమెంటు కంపెనీలు సిండికేటై రేట్లు పెంచేస్తున్నాయన్న మాట హైదరాబాద్‌లో ఇల్లు కట్టేవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. స్లాబ్ వేసే ముందు డీలర్ “రేపటి నుంచి రేటు మారుతోంది, కావాల్సింది ఇవాళే దించుకోండి” అంటాడు. వేరే బ్రాండ్ అడిగితే అక్కడా దాదాపు అంతే పెంపు. అయితే అందరి రేట్లూ ఒకేసారి పెరిగినంత మాత్రాన కుమ్మక్కు రుజువైనట్టు కాదు. బొగ్గు, డీజిల్ ఖర్చులు అందరికీ పెరుగుతాయి. కేసులన్నీ చిక్కుపడేది ఇక్కడే.

ఒకప్పుడు సిమెంటు రేటు ప్రభుత్వమే నిర్ణయించేది. 1982లో నియంత్రణ కొంత సడలించి, 1989లో పూర్తిగా ఎత్తేశారు. సున్నపురాయి దండిగా ఉన్న నల్గొండ, కడప, కర్నూలు జిల్లాల్లో ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇన్ని కంపెనీలున్నా పోటీ గట్టిగా లేకపోవడానికి కారణం సరుకులోనే ఉంది. ఏ బస్తాలోనైనా సిమెంటు ఇంచుమించు ఒకటే. ఒకరు రేటు తగ్గిస్తే మిగతావాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, వాళ్లూ తగ్గిస్తారు, ముందు తగ్గించినవాడికి ఒరిగేదేమీ ఉండదు. బరువైన సరుకు కాబట్టి లారీ కిరాయి భరించి దూరపు ఫ్యాక్టరీ ఇక్కడికొచ్చి చవగ్గా అమ్మలేదు. ఇక సగం కట్టిన ఇంటిని ఎవరూ ఆపుకోలేరు, రేటు పెరిగినా కొనాల్సిందే.

కుమ్మక్కుకు ఒకే బలహీనత. ఒప్పుకున్న రేటు మీద చాటుగా డిస్కౌంట్ ఇచ్చినవాడికి అమ్మకాలు పెరుగుతాయి. అందుకే ప్రతి కార్టెల్‌కీ, అంటే రేట్ల మీద కుమ్మక్కైన కంపెనీల గుంపుకి, సొంత సభ్యుల మీద నిఘా కావాలి. ఎవరు ఎంత తయారుచేశారు, ఎక్కడ ఏ రేటుకు అమ్మారు అన్న వివరాలు ఒకచోట చేరితే ఆ పని జరిగిపోతుంది. తయారీదారుల సంఘం ద్వారా కంపెనీల మధ్య సాగిన ఈ సమాచార మార్పిడే తర్వాత కేసులో కీలకమైంది.

గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి అప్పట్లో ఉన్న ఎంఆర్‌టీపీ కమిషన్ 2007 డిసెంబరులోనే సిమెంటు కంపెనీలది కుమ్మక్కేనని తేల్చింది. కానీ ఆపమని చెప్పడమే తప్ప జరిమానా వేసే అధికారం దానికి లేదు. ఆ అధికారం, వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే సంస్థగా 2009 మేలో రంగంలోకి దిగిన కాంపిటిషన్ కమిషన్‌కు వచ్చింది. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద 2012 జూన్‌లో అది 11 కంపెనీలకు సుమారు రూ.6,300 కోట్ల జరిమానా వేసింది. గిరాకీ ఉన్నా ఉత్పత్తి సామర్థ్యాన్ని పూర్తిగా వాడలేదని, సంఘం సమావేశాల తర్వాత రేట్లు పెరిగాయని చెప్పింది. 2015లో అప్పీలు ట్రిబ్యునల్, వాదనలు విననివారు తీర్పు మీద సంతకం చేశారంటూ దాన్ని కొట్టేసింది. 2016లో కమిషన్ మళ్లీ జరిమానా వేసింది. 2018లో కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఈ జాప్యం చిన్న విషయం కాదు. లాభం ఇవాళే చేతికొస్తుంది, జరిమానా ఎప్పుడో, అదీ పడితేనే. ఈ లెక్క ఇలా ఉన్నంతకాలం కుమ్మక్కు గిట్టుబాటు వ్యాపారమే.

చట్టంలో నాకు గట్టిగా నమ్మకమున్నది లోపలివాళ్ల చేతే నిజం చెప్పించే పద్ధతి. ముందుగా వచ్చి ఆధారాలిచ్చిన కంపెనీకి జరిమానా మాఫీ అవుతుంది. టార్చిలైట్ బ్యాటరీల కేసులో 2018లో పానాసోనిక్‌కు పూర్తి మాఫీ దొరికింది, ఎవరెడీకి రూ.171 కోట్లకు పైగా పడింది. తోటివాడు ముందే చెప్పేస్తాడేమోనన్న టెన్షన్ ఒక్కటి చాలు, కుమ్మక్కులో నమ్మకం చెడుతుంది.

నష్టపోయినవాళ్లు ట్రిబ్యునల్లో పరిహారం అడిగే వీలూ ఉంది. కానీ అది పెద్ద బిల్డర్లకే అందుబాటులో ఉంటుంది. బోడుప్పల్‌లోనో మియాపూర్‌లోనో వంద గజాల్లో ఇల్లు కట్టుకున్న ఉద్యోగి దగ్గర అన్నేళ్ల కిందటి బిల్లులుండవు, లాయరుకు పెట్టే డబ్బూ ఉండదు.