చిన్న గొట్టం, పెద్ద మందు

ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసిన .315 రైఫిల్‌ను పెదనాన్న ఇంటికి తెచ్చుకున్న రోజు, రాజోలు దగ్గర మా ఊళ్లో అరుగు మీద చిన్న సభే జరిగింది. పంట కాపలాకని ఎప్పుడో తీసుకున్న లైసెన్సు అది. నేనెరిగి ఆ తుపాకీ పేలింది లేదు గానీ, నూనె రాసి గుడ్డతో తుడవడం మాత్రం తప్పదు. ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. "తాతయ్యా, ఈ గుండు సెకనుకి నాలుగు వేల అడుగుల పైనే పోతుందంట. నీదేమో అందులో సగం."

పెదనాన్న ఒక్కటే అడిగారు. "మరి గొట్టం ఎన్నాళ్లొస్తుందిరా?"

ఆ ప్రశ్న వయసు తొంభై ఏళ్లు. 1935లో అమెరికాలో వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ అనే తూటాను అమ్మకానికి పెట్టింది. తూటా అంటే ఇత్తడి కేసు, అందులో పేలే మందు, మూతికి బిగించిన గుండు, అన్నీ కలిపి. పేరులోని అంకె సుమారుగా గొట్టం వెడల్పు, అంగుళాల్లో. 48 గ్రెయిన్ల గుండు, అంటే మూడు గ్రాముల పైచిలుకు, సెకనుకు 4,110 అడుగుల వేగం. కంపెనీ తూటాల్లో నాలుగు వేలు దాటిన మొదటిది ఇదే. పంట పొలాల్లో బొరియలు తవ్వే చిన్న జంతువులను దూరం నుంచి కొట్టేవాళ్లు దాన్ని ఎగబడి కొన్నారు. కొంతకాలానికే బ్యారెళ్లు, అంటే గొట్టాలు, పాడవుతున్నాయన్న మాట కూడా మొదలైంది. ఆ చెడ్డపేరు స్విఫ్ట్‌ను ఇప్పటికీ వదల్లేదు.

కారణం తెలియాలంటే మన పొలం తూమును చూస్తే చాలు. కాలువలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు తూము తలుపు కొంచెమే ఎత్తితే, ఆ సందులోంచి నీళ్లు చిమ్ముకొచ్చి నోటి దగ్గర మట్టిని కోసేస్తాయి. నాలుగు రాళ్లు పేర్చకపోతే వారంలో గుంట పడుతుంది. బ్యారెల్లో గుండు బయల్దేరే చోటును త్రోట్ అంటారు. కాలిన మందు వాయువు మహా వేడితో, ఒత్తిడితో ముందు దూరేది అక్కడే. .224 అంగుళాల గొట్టం నోటి వైశాల్యం .308 అంగుళాల గొట్టం నోటిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మందు మాత్రం అదే స్థాయిలో పోస్తే ఆ వేడంతా అంత ఇరుకు సందులోంచే పోవాలి. ఉక్కు పైపొర కాగి, చల్లారి, మళ్లీ కాగి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల అంచులు ఒక్కో తూటాకూ కొంచెం కొంచెం కొట్టుకుపోతాయి. త్రోట్ ముందుకు జరిగిపోయి, గురి చెదురుతుంది. గబగబా పది తూటాలు పేల్చి బ్యారెల్‌ను కాల్చుకునేవాడికి ఆ గతి ఇంకా ముందే పడుతుంది.

కంపెనీ సరుకుతోనే ఇలా ఉంటే, వైల్డ్‌క్యాట్ల సంగతి చెప్పక్కర్లేదు. వైల్డ్‌క్యాట్ అంటే ఏ కంపెనీ చేయని, ఔత్సాహికులు సొంతంగా మలుచుకున్న తూటా. ఏదో పెద్ద తూటా తాలూకు ఇత్తడి కేసు తీసుకుని, డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మూతి సన్నం చేస్తారు. బిందెకు సీసా మూతి బిగించినట్టు. మూతి నొక్కేకొద్దీ అక్కడి ఇత్తడి మందమవుతుంది. దాన్ని చెక్కి పలచన చేయకపోతే గుండును వదలడానికి చోటుండదు, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎంత మందు పోయాలో చెప్పే కంపెనీ లెక్క ఉండదు. కేసు అడుగున మందును అంటించే క్యాప్ కూర్చునే గుంట వదులైతే, చేసినవాడికి అప్పుడు తెలుస్తుంది హద్దు దాటామని.

ఈ పిచ్చికి పరాకాష్ఠ పి.ఓ. ఆక్లీ అనే తుపాకీ నిపుణుడు చేసిన .22 ఇయర్‌గెస్‌ప్లిటెన్ లౌడెన్‌బూమర్. చెవులు చిల్లులు పడే మోత అని జర్మన్ యాసను వెక్కిరిస్తూ పెట్టిన పేరు. పెద్ద జంతువుల వేటకు 1953లో వచ్చిన .378 వెదర్‌బీ మాగ్నమ్ కేసుకు .22 మూతి పెట్టాడు. లక్ష్యం సెకనుకు 5,000 అడుగులు. 50 గ్రెయిన్ల గుండుతో 4,600 దగ్గర ఆగిపోయింది. నా మటుకు నాకు ఇదే నిజాయితీగల వైల్డ్‌క్యాట్ అనిపిస్తుంది. పనికొస్తుందని దీన్ని చేసినవాడే అనలేదు. మిగతావాళ్లు కాస్త తక్కువ మోతాదులో ఇదే పని చేసి, దూరపు వేటకు తిరుగులేదని చెప్పుకున్నారు.

ఆ దూరం మాట కూడా అంత నిజం కాదు. తేలిక గుండు ఎంత జోరుగా బయల్దేరినా గాలి దాన్ని త్వరగా నెమ్మది చేస్తుంది, పక్కకు నెడుతుంది. పైగా గొట్టం లోపలి మెలిక గాడులు గుండును తిప్పుతాయి. 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్లో స్విఫ్ట్ వేగానికి గుండు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. మన ఇంట్లో ఫ్యాను తిరిగేది మూడు నాలుగు వందలే. పలచని రాగి తొడుగున్న గుండు ఆ తిరుగుడుకి దారిలోనే తునకలైపోవచ్చు. బరువు గుండు వాడదామంటే, ఆ మెల్లని మెలిక దాన్ని నిలకడగా ఉంచలేదు.

చివరికి బజారే తేల్చింది. వించెస్టర్ 1964కల్లా స్విఫ్ట్‌ను పక్కనపెట్టింది. .250 సావేజ్ కేసు నుంచి పుట్టి ఏళ్ల తరబడి వైల్డ్‌క్యాట్‌గా తిరిగిన .22-250ని 1965లో రెమింగ్టన్ తన సొంతం చేసుకుంది. అది స్విఫ్ట్ కన్నా కాస్త నెమ్మది, ఇప్పటికీ జోరుగా అమ్ముడుపోతోంది. బల్ల మీద పెట్టి గురి చూసే పోటీల వాళ్లయితే 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ లాంటి సాధు తూటాతోనే ఏళ్ల తరబడి గెలిచారు.

మన దగ్గర కథ వేరు. బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే .303 సామాన్యుల చేతికి అందకూడదన్నారు, అందుకే .315 వాడుకలోకి వచ్చింది. ఇక్కడ తూటా కొలతను వేగం మోజు కాదు, చట్టం తేల్చింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం, మార్చడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక సరదా వేటా పోయింది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. అందుకే మన టౌన్లలో జనం చూసేది బ్యాంకు గుమ్మంలో గార్డు భుజాన వేలాడే పన్నెండు బోరు తుపాకీయే.

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెదనాన్న లైసెన్సు పుస్తకం తెరిచి, అందులో రాసిన అంకెతో తూటాలు ఒక్కోటీ సరిచూసుకుని, బీరువా తాళం వేసి బొడ్లో దోపుకున్నారు.