డెల్టాకు నీరొచ్చే దారుంది, పోయే దారేది?

వాన వెలిసి నాలుగు రోజులైనా ఆకివీడు, కైకలూరు వైపు చేలల్లో నీరు దిగని ఏడాదులు చాలానే చూశాం. పైన ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. చేలో మాత్రం ఆకు చివర్లు తప్ప ఏమీ కనబడవు. గట్టు మీద నుంచి వంగి ఒక దుబ్బు లాగితే ఏ బలమూ పెట్టకుండానే ఊడి వస్తుంది. వేరు నల్లబడి, మొదలు మెత్తబడి ఉంటుంది. ఆ కుళ్లు వాసన సాయంత్రం దాకా చేతిని వదలదు. పక్కనే మురుగు కాలువ అంచుల దాకా నిండి ఉంటుంది, అందులో నీటికి కదలికే ఉండదు. సముద్రం పోటు మీదున్నప్పుడైతే ఆ నీరు వెనక్కి నడుస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య ఈ కదలని నీటికి పెద్ద కథే ఉంది. ఇది ఒక్క రైతు నష్టంతో పోయే సంగతి కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన నాటి నుంచి నేటి రేషన్ దాకా పేదింటి కంచంలో పడే అన్నంలో పెద్ద వాటా ఈ చేలదే.

ఆనకట్టలు లేని రోజుల్లో ఈ ప్రాంతానికి అన్నపూర్ణ అన్న పేరే లేదు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన డొక్కల కరువులో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది చనిపోయారని అప్పటి లెక్క. ఆకలికి ఎండిన డొక్కలే ఆ కరువుకు పేరయ్యాయి. గోదావరి పక్కన బతికే వాళ్లకూ ఆకలి తప్ప మరో గతి లేదు. ఏటా లక్షల క్యూసెక్కులు కళ్లముందే సముద్రంలోకి పోతుంటే చేను ఎండేది. మరో ఏడాది అదే నది పొంగి చేను ముంచేది. ఈ పరిస్థితి చూసే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు పట్టుబట్టాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట కూడా లేచింది. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని ఊరు అరుదు. ఆ కృతజ్ఞతలో అతిశయం ఏమీ లేదు, ముత్తాతల ఆకలి ఎరిగిన ఇళ్లు అవి.

అయితే కాలువ వచ్చిన చోటల్లా మురుగు కాలువ కూడా కావాలి. డెల్టా నేల తీరు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. నది ఏటా ఒండ్రు వేసి తన ఒడ్డును తానే ఎత్తు చేసుకుంటుంది. దూరం పోయేకొద్దీ నేల పల్లం. అందుకే చేలో పడిన వాన తిరిగి గోదావరిలోకి పోదు, పల్లం వెతుక్కుంటూ యనమదుర్రు, గోస్తనీ లాంటి డ్రెయిన్లు పట్టుకుని సముద్రం వైపు నడుస్తుంది. రెండు డెల్టాలకూ నడిమధ్య అన్నిటికంటే పల్లంగా ఉన్న పళ్లెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ అందులోనే దిగుతాయి. బయటికి పోవడానికి మాత్రం ఒక్కటే దారి, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

వచ్చే దారులు అన్ని ఉండి పోయే దారి ఒక్కటే అయినప్పుడు మధ్యలో నీరు ఆగడానికి చోటు ఉండాలి. ఆ చోటే కొల్లేరు. వేసవిలో మూడో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి మూడు అడుగుల ఎత్తు గీత దాకా కుదించుకుపోయి సుమారు 135 చదరపు కిలోమీటర్లలో ఉండే సరస్సు, పెద్ద వరదొస్తే పదో కాంటూరు దాకా పరుచుకుని 901 చదరపు కిలోమీటర్లు అయ్యేది. వరదను పట్టి ఉంచి, రోజుల తరబడి మెల్లగా ఉప్పుటేరులోకి వదిలేది. నీరు తీసిన ఒండ్రు నేలలో లంక గ్రామాల వాళ్లు దాళ్వా (రబీ వరి) ఊడ్చుకునేవారు. సార్వా (ఖరీఫ్) కాలంలో అదే నేల చేపలది, కొర్రమీనుది, మట్టగిడసది. ఒకే నేల ఆరు నెలలు నీటికి, ఆరు నెలలు వరికి. నా దృష్టిలో ఈ ప్రాంతం చేసిన అత్యంత తెలివైన భూ వినియోగం అదే. దాన్ని ఎవరూ కాగితం మీద గీయలేదు.

1964 వరదలు మొదటి గట్టి హెచ్చరిక. డెల్టా రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. మురుగు సమస్య చూడమని ప్రభుత్వం ఎ.సి. మిత్రా నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది. డ్రెయిన్లు వెడల్పు చేయడం, ఉప్పుటేరును సరిచేయడం, బుడమేరు వరదను కొంత కృష్ణలోకి మళ్లించడం, ఇవన్నీ అప్పటి నుంచి వినిపిస్తున్న మాటలే. 1968లో డ్రైనేజీ సెస్ చట్టం కూడా తెచ్చారు. అంటే నీరు తెచ్చినందుకే కాదు, నీరు తీసేసే ఖర్చుకూ రైతు ఎకరానికి ఇంత అని కట్టాడు. డబ్బు కట్టిన రైతుకు ఆ డ్రెయిన్ పారాలని అడిగే హక్కు ఉందని ఇవాళ ఎంతమంది గుర్తుంచుకున్నారో! తవ్విన డ్రెయిన్లు కొన్నాళ్లు బాగానే పారాయి. తర్వాత పూడిక, తూడు, గుర్రపుడెక్క. గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుంటుందంటే వంతెన ఖానాల దగ్గర నీటికి అడ్డంగా కట్టిన దడిలా నిలబడిపోతుంది.

కొల్లేరులో మార్పు 1976 తర్వాత ఊపందుకుంది. అక్కడి మత్స్యకారులు, దళితులు సహకార సంఘాలుగా ఏర్పడితే చేపల చెరువులకు ప్రభుత్వం భూమి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. ముంపుకు పోయే వరి కంటే చేప నయమని ఎవరికైనా తోస్తుంది. 80ల నాటికి సంగతి మారింది. డబ్బున్నవాళ్లు లీజుల మీద దిగారు, గట్లు లేచాయి, శీలావతి, బొచ్చె చేపలు ఐస్ పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతా, అస్సాం పోయాయి. 2004 నాటి ఉపగ్రహ చిత్రాల్లో సరస్సు విస్తీర్ణంలో 40 శాతం దాకా చెరువులే కనిపించాయి. చేప కూడా ఆహారమే కదా అంటారు. నిజమే, కాదనను. కానీ చెరువు గట్టు వరదకు అడ్డం. ఆ గట్టు లోపల పరుచుకోవాల్సిన నీరు ఎక్కడికి పోతుంది? పైనున్న వరి చేలోకే పోతుంది. ఒకప్పుడు కొల్లేరు మోసిన వరదను ఇప్పుడు సార్వా పైరు మోస్తోంది.

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు నడిచింది, గట్లను పేలుడు పదార్థాలు పెట్టి మరీ కొట్టేశారు. ఎక్కువ దెబ్బ తగిలింది లంకల్లోని చిన్నవాళ్లకే. చెరువు పోయింది, చేతికి మరో పని రాలేదు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఈలోగా కొట్టిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి.

చెరువులు కొల్లేరు గీత దాటి వరి భూముల్లోకి కూడా వచ్చాయి. ఇది ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే బాధేస్తుంది. పక్క చేను వాళ్లు చెరువు తవ్వుతారు. ఏడాది పొడవునా అందులో నీరు నిలిచి ఉంటుంది కాబట్టి ఊట మన చేలోకి దిగుతుంది. కోతకు నేల ఆరదు, మిషన్ దిగబడుతుంది. రొయ్యల చెరువైతే ఉప్పు కూడా చేరుతుంది. రెండేళ్లు నష్టపోయాక మనమూ చెరువుకే ఇచ్చేస్తాం. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఈ వేగం ఇంకా పెరిగింది. యజమానికి లీజు డబ్బు వస్తుంది. అదే చేను కౌలుకు చేసుకునే వాడికి పనీ పోతుంది, తిండి గింజలూ పోతాయి. డెల్టాలో సాగు చేసేవాళ్లలో ఎక్కువ మంది కౌలు రైతులే. చేను మునిగితే నష్టపరిహారం చాలాసార్లు పట్టా ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది, కౌలు బస్తాలు మాత్రం ఇవ్వాల్సిందే.

గోదావరికి 1986లో వచ్చిన 35 లక్షల క్యూసెక్కుల వరద లాంటివి అందరికీ గుర్తుంటాయి. వరి రైతును ఏటా కుంగదీసేది మాత్రం పేరు లేని ముంపు. నది గట్టు తెగదు, టీవీలో రాదు, రెండు రోజుల వాన నీరు పది రోజులు నిలబడుతుంది. తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు ఎర్రకాలువ పొంగితే ఇదే తంతు. దీనితో విసిగే 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. నీళ్లున్న నేలను బీడు పెట్టడమంటే ఎంత రోసిపోయి ఉండాలి! గిట్టని ధర, దొరకని కూలీలతో పాటు వాళ్లు గట్టిగా చెప్పిన కారణం మురుగు నీరు పోకపోవడమే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో కోనసీమలో మళ్లీ అదే మాట వినిపించింది.

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి బుడమేరు వచ్చినప్పుడు నగరం ఉలిక్కిపడింది. బుడమేరు వరదను కృష్ణలోకి తిప్పే మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణలోకి పోదామంటే ప్రకాశం బ్యారేజీ దగ్గర నదే 11 లక్షల క్యూసెక్కులు దాటి ఉంది. ఏటి దారిలో ఇళ్లు కట్టుకున్నాం, ఏరు దిగే సరస్సులో గట్లు కట్టుకున్నాం. ఆ వరద నగరాన్ని వదిలాక దిగింది కూడా కొల్లేరు వైపే.

రైతులు తమ వంతుగా వెతకని ఉపాయం లేదు. నవంబరు తుపాన్లకు ముందే కోత అయిపోవాలని జూన్‌లోనే కాలువకు నీరు అడుగుతున్నారు. గోదావరి నీటిని కృష్ణకు తెచ్చే పట్టిసీమ ఎత్తిపోతలు వచ్చాక కృష్ణా డెల్టాకు ఆ వీలు కొంత దొరికింది. అయినా 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను పనల మీద ధాన్యాన్ని తడిపింది, 2025 అక్టోబరు చివర్లో మొంథా పొట్ట మీదున్న చేలను పడేసింది. తడిసిన గింజ కంకి మీదే మొలకెత్తితే, రంగు మారితే, 17 శాతం తేమ దాటితే కొనుగోలు దగ్గర టెన్షన్ మొదలు. 1925 నుంచి నడుస్తున్న మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ ఈ నేలకు వరం. దానికే ముంపు తట్టుకునే జన్యువు చేర్చిన స్వర్ణ సబ్-1, 2009లో వచ్చింది. ఊడ్చిన పైరు పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు బతికి, నీరు తీశాక మళ్లీ పిలక వేస్తుంది. ఆ రెండు వారాల్లో చేలో నీరు డ్రెయిన్ చేరాలి, డ్రెయిన్ ఉప్పుటేరు చేరాలి, ఉప్పుటేరు పూడిన మొగ (సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలో పడాలి. పోటు వేళ సముద్రం ఆ నీటిని తీసుకోదు. రోజుకు రెండుసార్లు పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దారి తెరుచుకుంటుంది, అదీ మొగలో ఇసుక మేట తీసి ఉంటే.